డిగ్రీ ప్రాజెక్టుకు గైడ్‌గా ఉండటం: సామాజిక మార్పు, సుస్థిరత అంశాలపై విద్యార్థి పరిశోధనను నడిపించి, గుర్తించే పద్ధతి

సామాజిక మార్పు, పర్యావరణం మీద ప్రాజెక్టు చేస్తామని వచ్చే విద్యార్థి చేతిలో సాధారణంగా ఇలాంటి శీర్షిక ఉంటుంది: "గ్రామీణ ప్రాంతాల్లో తాగునీటి సమస్యలు - కారణాలు - పరిష్కారాలు". అంశం మంచిదే కాబట్టి గైడ్ సంతకం పెట్టేస్తారు. నాలుగు నెలల తర్వాత ఎనభై పేజీల బైండింగ్ వస్తుంది. అందులో అరవై పేజీలు ఎక్కడో చదివినవే, మిగతావి గుండ్రటి బొమ్మల చార్టులు (పై చార్టులు). చివర ప్రభుత్వం చేయాల్సిన పనుల జాబితా. ఆ ఊరి గురించి కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు. ఇందులో విద్యార్థి తప్పు తక్కువ. అంశం గొప్పదైతే పరిశోధన కూడా గొప్పదేనని గైడ్, బయటి నుంచి వచ్చే పరీక్షకుడు (ఎక్స్‌టర్నల్), బహుమతులిచ్చే కమిటీ అందరూ అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

డిగ్రీ చివరి సంవత్సరం ప్రాజెక్టులకు గైడ్ చేసే అధ్యాపకుల కోసం ఈ మార్గదర్శి. ఉదాహరణగా మొదటి నుంచి చివరిదాకా ఒకే అంశం తీసుకున్నాం: నల్గొండ వంటి ఫ్లోరైడ్ ప్రాంతంలోని ఒక ఊళ్లో తాగునీరు. పద్ధతి మాత్రం చెరువులకు, ప్రకృతి వ్యవసాయానికి, చెత్త సేకరణకు కూడా పనికొస్తుంది.

ఎంతమందిని తీసుకోవాలి

ఒక సెమిస్టర్‌లో ఒక గైడ్ సరిగా చూడగలిగేవి ఐదారు ప్రాజెక్టులు. అంతకు మించి విద్యార్థులు ఉంటే ముగ్గురేసి జట్లు చేయండి. ఎవరు ఏ పని చేస్తారో మొదటి వారమే కాగితం మీద రాయించండి. రాయకపోతే ఒకరు తిరుగుతారు, ఒకరు టైపు చేస్తారు, మూడోవారు వైవాకు (చివర జరిగే మౌఖిక పరీక్షకు) మాత్రమే వస్తారు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 పాఠ్య చట్రం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకు మించి తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధనతో ఆనర్స్ ఎంచుకోవచ్చు. అందులో పరిశోధన గ్రంథానికి (డిజర్టేషన్‌కు) 12 క్రెడిట్లు. అలాంటి విద్యార్థికి ఏడాది సమయం ఉంటుంది. మామూలు ప్రాజెక్టుకు ఉండేది 16 వారాలే. రెండింటికీ ఒకే పరిమాణం పెట్టకండి.

ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థి మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేసి ఉంటాడు. ఆ రికార్డు తెప్పించుకుని చదవండి. ఏ ఊరు తెలుసు, ఏ వాడలో పరిచయాలున్నాయి, ఏ ప్రశ్న సగంలో వదిలేశాడు అన్నది అందులో దొరుకుతుంది. అప్పటి సర్వే ఫారాలను మాత్రం డేటాగా వాడనివ్వకండి. వాటిని ఎవరికి, ఎలా ఎంచుకుని ఇచ్చారో ఎక్కువసార్లు రాసి ఉండదు.

అంశాన్ని కుదించడం

గైడ్ పనిలో సగం ఇక్కడే ఉంది. దీనికి రెండు వారాలు పూర్తిగా ఇవ్వండి.

"మిషన్ భగీరథ వచ్చాక ఫ్లోరోసిస్ తగ్గిందా?" అని విద్యార్థి అడుగుతాడు. మిషన్ భగీరథ అంటే తెలంగాణలో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే పథకం, ఫ్లోరోసిస్ అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు. వినడానికి బాగుంటుంది కానీ ఒక సెమిస్టర్‌లో దీనికి జవాబు రాదు. పళ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలు చిన్నతనంలో, పంటి ఎనామిల్ తయారయ్యేటప్పుడు ఏర్పడతాయి. నీళ్లు మారినంత మాత్రాన పెద్దవాళ్ల మచ్చలు పోవు. ఎముకల ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి పేరుకునేది. పైగా పథకానికి ముందు ఆ ఊళ్లో ఎవరూ కొలిచి పెట్టిన లెక్క లేకపోతే దేనితో పోలుస్తారు? పోల్చడానికి ఏమీ లేకుండా తగ్గిందనీ చెప్పలేం, తగ్గలేదనీ చెప్పలేం.

దాన్ని ఇలా మార్చించండి: "ఇంటింటికీ నల్లా ఉన్న ఈ ఊళ్లో తాగడానికి ఏ నీళ్లు వాడుతున్నారు, వంటకు ఏవి వాడుతున్నారు, ఆ ఎంపిక ఎవరు చేస్తున్నారు?" ఈ ప్రశ్నకు ఊళ్లో తిరిగితే జవాబు దొరుకుతుంది. అసలు విషయం కూడా ఇందులోనే బయటపడే అవకాశం ఉంది. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ కొనే ఇంట్లోనే అన్నం, పప్పు, చాయ్ బోరు నీళ్లతో అవుతుండవచ్చు. వంట నీళ్ల ద్వారా కూడా ఫ్లోరైడ్ ఒంట్లోకి వెళ్తుంది. "క్యాన్ నీళ్లు తాగుతున్నారు" అని రాసి వదిలేస్తే ఆ ఇంటికి ముప్పు తప్పినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న సరిపోయిందో లేదో చూడటానికి విద్యార్థిని మూడు విషయాలు అడగండి. ఏ ఊరు, ఎన్ని ఇళ్లు? ఏది కొలుస్తావు, దేనితో? ఏ జవాబు వస్తే నువ్వనుకున్నది తప్పని ఒప్పుకుంటావు? మూడో దానికి తడబడితే, అతను ముందే తేల్చేసుకున్న దానికి రుజువులు ఏరుకోవడానికి వెళ్తున్నాడని అర్థం. సినాప్సిస్ (ప్రాజెక్టు ముందస్తు ప్రతిపాదన) మీద అప్పుడే సంతకం చేయకండి.

చదవాల్సినవి తక్కువే అయినా పక్కాగా ఉండాలి. ఈ అంశానికైతే తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500, నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పటిక-సున్నం ఆధారిత నల్గొండ పద్ధతి, భూగర్భజల శాఖ లెక్కలు, పది పన్నెండు పరిశోధన వ్యాసాలు. ఒక్కో వ్యాసానికి నాలుగు వాక్యాలు రాయించండి: ఏం అడిగారు, ఎక్కడ, ఎలా కొలిచారు, మన ఊరికి ఎందుకు వర్తిస్తుంది లేదా వర్తించదు.

పదహారు వారాలు

1, 2 వారాలు ప్రశ్నకు. 3, 4 చదవడానికి, సినాప్సిస్‌కు. 5వ వారం పది ఇళ్లలో ప్రశ్నావళిని పరీక్షించడానికి. 6 నుంచి 9 దాకా ఫీల్డ్ వర్క్. 10వ వారం ఖాళీగా ఉంచండి, మిగిలిపోయిన ఇళ్లకు, పనికిరాకుండా పోయిన నీటి నమూనాలకు అది కావాలి. 11, 12 విశ్లేషణ. 13, 14 రాత. 15 ఊరికి వెళ్లి చెప్పడం. 16 వైవా. ఫీల్డ్ వర్క్ మధ్యలో సంక్రాంతి, దసరా వంటి పండుగ గానీ, పంచాయతీ ఎన్నికలు గానీ పడుతున్నాయేమో ముందే క్యాలెండర్ చూడండి. ఎన్నికల వేళ ప్రశ్నాపత్రంతో ఇంటికి వచ్చిన వాళ్లను జనం ఏదో ఒక పార్టీ వాళ్లనుకుంటారు.

ప్రభుత్వ లెక్కలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు రెండో వారంలోనే పెట్టించండి. జవాబుకు చట్టం 30 రోజులు ఇస్తుంది. ఫీజు గ్రామస్థాయి కార్యాలయంలో ఉండదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ఎనిమిదో వారంలో దరఖాస్తు పెట్టేవాళ్లకు ఆ కాగితం విశ్లేషణ ముగిసే వేళకు గానీ చేరకపోవచ్చు.

అనుమతి, సమ్మతి

కాలేజీ లెటర్‌హెడ్ మీద సర్పంచ్‌కు, పంచాయతీ కార్యదర్శికి ఉత్తరం ఇవ్వాలి. ఇది మర్యాద. సర్పంచ్ సరేనన్నాడు కదా అని ఇంటివాళ్ల సమ్మతి అక్కర్లేదనుకోవడం తప్పు. ప్రతి ఇంటి దగ్గర ఐదు విషయాలు తెలుగులో, మామూలు మాటల్లో చెప్పాలి: మేమెవరం, ఏం అడుగుతాం, ఎంతసేపు, మీ పేరు ఎక్కడా రాయం, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఆపేయవచ్చు. దీనివల్ల పథకమేదీ రాదు, ఉన్నదేదీ పోదు అని కూడా తప్పకుండా చెప్పించండి. చేతిలో ఫారం చూడగానే పింఛను కోసమో ఇంటి స్థలం కోసమో వచ్చారనుకుంటారు. ఆ ఆశతో ఇచ్చే జవాబులో ఆదాయం తక్కువగా, కష్టం ఎక్కువగా ఉంటుంది.

పిల్లల పళ్లు చూస్తాం, ఫొటోలు తీస్తాం అని విద్యార్థులు ఉత్సాహపడతారు. ఒప్పుకోకండి. అది దంతవైద్యుడి పని. తల్లిదండ్రుల సమ్మతి, నైతిక పరిశీలన కమిటీ ఆమోదం లేకుండా ఆ జోలికి వెళ్లకూడదు.

ఏ ఇంటికి వెళ్లాలి

ఊళ్లో 420 ఇళ్లున్నాయనుకోండి. ఎన్ని ఇళ్లు అడగాలో లెక్కించడానికి విద్యార్థులందరూ వాడే యమానే సూత్రం ఇది: మొత్తం ఇళ్లను, ఆ ఇళ్ల సంఖ్యను పొరపాటు వర్గంతో (5 శాతమైతే 0.05 × 0.05తో) గుణించి ఒకటి కలిపిన దానితో భాగించాలి. 5 శాతం పొరపాటుకు 205 ఇళ్లు వస్తాయి, 10 శాతానికి 81. ప్రతి ఐదో ఇల్లు తీసుకుంటే 84 అవుతాయి. ముగ్గురున్న జట్టు ఒక్కొక్కరు రోజుకు నాలుగు ఇళ్లు చొప్పున తిరిగితే 84 ఇళ్లకు ఏడు రోజులు పడుతుంది. డిగ్రీ ప్రాజెక్టుకు అది చాలు. 205 అని రాసి అందులో సగం హాస్టల్ గదిలో నింపడం కంటే 84 నిజమైన ఇళ్లు వెయ్యి రెట్లు నయం.

అయితే సూత్రం సంఖ్యను మాత్రమే ఇస్తుంది. ఏ ఇల్లు అన్నది అది చెప్పదు. రిపోర్టులో యమానే పేరు రాసి, బస్టాండు దగ్గర కూర్చున్నవాళ్లను అడిగి వచ్చే ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. సరైన దారి ఇది. పంచాయతీలో ఇంటి పన్ను రిజిస్టర్ చూసి ఇళ్ల జాబితా రాసుకోవాలి. అందులో లేని కొత్త ఇళ్లను, గుడిసెలను నడిచి చూసి కలపాలి. వాడల వారీగా వరుసగా నంబర్లు వేయాలి. 1 నుంచి 5 దాకా అంకెలు రాసి ఒక చీటీ తీయాలి. 3 వస్తే 3, 8, 13, 18 అలా ప్రతి ఐదో ఇల్లు. దీంతో ఎస్సీ కాలనీ, ఊరి చివరి తండా, పెద్ద వీధి అన్నీ తమ తమ పాళ్లలో వస్తాయి. తాళం ఉంటే వేరే పూటల్లో మరో రెండుసార్లు వెళ్లాలి. అప్పటికీ లేకపోతే పక్కింటికి వెళ్లి, ఆ సంగతి నోట్‌బుక్‌లో రాయాలి.

వెళ్లే వేళ కూడా నమూనాను పాడుచేస్తుంది. పత్తి తీతలు, మిరప కోతలు నడిచే రోజుల్లో పగలు పదకొండింటికి వెళ్తే ఇంట్లో ముసలివాళ్లు, అరుగు మీద మగవాళ్లు మాత్రమే ఉంటారు. నీళ్లు పట్టేది, మోసేది, వండేది ఎక్కువ ఇళ్లలో ఆడవాళ్లు. వాళ్లు దొరికేది పొద్దున ఏడులోపు, లేదా సాయంత్రం ఆరు తర్వాత. జట్టులో ఒక్క అమ్మాయైనా ఉంటే వంటింటి మాటలు తేలిగ్గా సాగుతాయి. చీకటి పడ్డాక తిరుగు ప్రయాణానికి బండి, తోడు ఏర్పాటు చేయడం గైడ్ బాధ్యతే.

ఏం అడగాలి

"ఫ్లోరైడ్ నీళ్లు తాగితే ప్రమాదమని మీకు తెలుసా?" అంటే అందరూ తెలుసనే అంటారు. ఆ జవాబుతో వేసిన పై చార్టులో 94 శాతం అవగాహన కనిపిస్తుంది, దాని వెనక ఏమీ ఉండదు. "నిన్న రాత్రి అన్నం ఏ నీళ్లతో వండారు?" అని అడిగించండి. నిన్నటి సంగతి గుర్తుంటుంది, అందులో మంచి జవాబు, చెడ్డ జవాబు అని ఉండవు.

"రోజుకు ఎన్ని లీటర్లు వాడతారు?" అన్నది కూడా పనికిరాదు. ఇంట్లో ఎవరూ లీటర్లలో లెక్కపెట్టరు. బిందెలు, క్యాన్లు అడగాలి. బిందెలన్నీ ఒక్క కొలత కావు కాబట్టి, లీటరు సీసాతో ఆ ఇంటి బిందెను నింపి చూసి రాసుకోవాలి. ప్రశ్నలు 25 దాటకూడదు, సమయం అరగంట దాటకూడదు. అరగంట తర్వాత వచ్చే జవాబులు పంపించేయడానికి చెప్పేవి.

నీళ్లను కొలవడం

ఈ రకం ప్రాజెక్టుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఒకటుంది. పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి, 400 వచ్చింది కాబట్టి ఫ్లోరైడ్ లేదని రాసేస్తారు. ఆ మీటరు నీటి విద్యుత్ వాహకతను కొలిచి, మొత్తం కరిగిన లవణాల అంచనా చూపిస్తుంది. ఏ లవణమో దానికి తెలియదు. టీడీఎస్ 400 ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండవచ్చు, 1,200 ఉన్న నీళ్లలో అర మిల్లీగ్రామే ఉండవచ్చు. ఐ.ఎస్. 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా. టీడీఎస్‌కు ఆ అంకెలు 500, 2,000. రెండింటినీ కలిపేయకండి.

ఫ్లోరైడ్‌కు ఆ ఒక్క అయాన్‌నే కొలిచే పరికరం (అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్) గానీ, కెమిస్ట్రీ ల్యాబ్‌లో స్పెక్ట్రోఫోటోమీటర్‌తో రంగు ఆధారిత పరీక్ష గానీ కావాలి. లేకపోతే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలను అడగాలి. నమూనాకు 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా వాడాలి, గాజు వద్దు. బోరును కాసేపు నడిపించి, అవే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి, నిండా పట్టి, మూత బిగించి, కోడ్ నంబరు, తేదీ, సమయం రాయాలి. సీసా మీద ఇంటివాళ్ల పేరు రాయకూడదు. పది నమూనాలకు ఒకటి చొప్పున అదే నీటిని వేరే నంబరుతో మళ్లీ పంపించండి. రెండు అంకెలూ దగ్గరగా లేకపోతే ఆ రోజు పరీక్షలన్నీ మళ్లీ చేయించాలి. జంట నమూనాలు లేని పట్టికను ఎక్స్‌టర్నల్ నమ్మనవసరం లేదు.

సుస్థిరత సంగతి ఊళ్లో నీళ్లు శుద్ధి చేసి అమ్మే ఆర్.ఓ. ప్లాంటు దగ్గర తెలుస్తుంది. శుద్ధి అయిన నీళ్ల పైపు కింద, వదిలేసే నీళ్ల పైపు కింద ఇరవై లీటర్ల బకెట్ పెట్టి, ఫోనులో స్టాప్‌వాచ్ చూడటమే పని. మొదటిది 80 సెకన్లలో, రెండోది 50 సెకన్లలో నిండిందనుకోండి. అంటే నిమిషానికి 15 లీటర్లు మంచినీళ్లు, 24 లీటర్లు వదిలేసేవి. రోజుకు 5,000 లీటర్లు అమ్మితే 8,000 లీటర్లు బయటికి పోతున్నాయన్నమాట. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. తర్వాత ఆ నీళ్ల వెంట నడవాలి: మోరీలోకా, పొలంలోకా, పాత బావిలోకా? పాత బావిలోకైతే, ఆర్.ఓ. విడదీసిన లవణాలు, ఫ్లోరైడ్ గాఢంగా మళ్లీ భూమిలోకే చేరుతున్నట్టు. ఆ ఒక్క పేరా రిపోర్టులోని మిగతా వాటన్నిటికంటే విలువైనది కావచ్చు.

వారం వారం చూడాల్సింది

వారానికి అరగంట, ఒకే రోజు, ఒకే వేళ. రాసిన అధ్యాయాలు కాదు, ఫీల్డ్ నోట్‌బుక్ అడగండి. పేజీలకు నంబర్లుండాలి, తేదీ ఉండాలి, కొట్టివేతలు అలాగే ఉండాలి. నోట్‌బుక్ మరీ శుభ్రంగా ఉంటే గదిలో కూర్చుని రాసిందేమో చూడండి. నింపిన ఫారాల్లోంచి ఐదు తీసి, ఆ ఇల్లు ఎలా ఉంది, ఎవరు మాట్లాడారు, నీళ్లు ఎక్కడ నిల్వ చేస్తారు అని అడగండి. వెళ్లినవాళ్లు ఆగకుండా చెప్తారు. సెమిస్టర్‌లో కనీసం ఒకసారి వాళ్లతో ఊరికి వెళ్లండి. గైడ్ ఊరిని చూడని ప్రాజెక్టు వైవాలో వెంటనే తెలిసిపోతుంది.

రాత

40 నుంచి 50 పేజీలు చాలు. ఎలా చేశామన్న అధ్యాయం ముందు రాయించండి, పరిచయం చివర. 84 ఇళ్ల లెక్కలో "61.90 శాతం" అని రాయనివ్వకండి, "84లో 52 ఇళ్లు" అనాలి. ఒక వాడలో తొమ్మిది ఇళ్లే ఉంటే శాతమే వద్దు. పరిష్కారాల అధ్యాయంలో తమ డేటా చూపించని సూచన ఒక్కటి ఉన్నా కొట్టేయండి.

ఇతరుల రాతతో పోలికల తనిఖీకి యూజీసీ 2018 నిబంధనల్లోని 10 శాతం గీత మంచి కొలమానం. తెలుగు రాతకు మాత్రం సాఫ్ట్‌వేర్ అంకెను నమ్ముకోకుండా, అనుమానం వచ్చిన పేరాను విద్యార్థి చేత నోటితో చెప్పించండి. కృత్రిమ మేధ సాయంతో రాసిన పేరా కూడా అలాగే దొరుకుతుంది. విద్యార్థికి తెలుగులో బాగా వస్తుందంటే, విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే తెలుగులోనే రాయనివ్వండి. వచ్చీరాని ఇంగ్లిషులో మంచి పరిశీలనలు ఎన్నో పోతున్నాయి.

ఊరికి చెప్పడం

15వ వారం, ఒక పేజీ తెలుగు కాగితంతో సాయంత్రం పూట ఊరికి వెళ్లాలి. ఏ బోరులో ఫ్లోరైడ్ ఎంత ఉంది, వంటకు ఏ నీళ్లు మేలు, ప్లాంటు నుంచి ఎన్ని నీళ్లు పోతున్నాయి అన్నవి చెప్పాలి. ఊరు ఒప్పుకోని విషయాలను రిపోర్టులో విడిగా రాయాలి. ప్రమాదకరమైన అంకె వస్తే 15వ వారం దాకా ఆగకండి, పంచాయతీకి వెంటనే రాతపూర్వకంగా తెలపండి. పత్రికలకు ఇచ్చే ముందు ప్లాంటు యజమాని పేరు, ఇళ్ల గుర్తులు తీసేయాలి. ఒక్క రోజు కొలతతో ఒక కుటుంబం బతుకుతెరువును వార్తకెక్కించడం అన్యాయం.

మార్కులు, బహుమతి

వందకు ఇలా పంచండి: ప్రశ్నకు 15, నమూనా, పద్ధతికి 25, నోట్‌బుక్, డేటా నిజాయతీకి 20, విశ్లేషణకు 20, రాతకు 10, ఊరికి చెప్పినదానికి 10. అంశం గొప్పతనానికి మార్కులు లేవు, పీపీటీ అందానికి లేవు. ఇద్దరు విడివిడిగా వేయాలి. తేడా 15 దాటితే మూడో వ్యక్తి చూడాలి. బహుమతి కమిటీలో ఏ గైడూ తన విద్యార్థి ప్రాజెక్టును దిద్దకూడదు. పేర్లు, గైడ్ పేరు తీసేసి ఇస్తే ఇంకా మంచిది.

అనుకున్నది తప్పని తేలిన ప్రాజెక్టుకు మార్కులు తగ్గించడం చాలా చోట్ల జరుగుతోంది. "అవగాహన కార్యక్రమం పెట్టాం, ఎవరి అలవాటూ మారలేదు" అని పక్కాగా చూపించిన విద్యార్థి సరైన పరిశోధనే చేశాడు. వచ్చే ఏడాది ఎవరూ అదే కార్యక్రమాన్ని గుడ్డిగా మళ్లీ పెట్టకుండా ఆపుతాడు.

బహుమతి ఒకటే పెడితే మాటకారి జట్టుకు పోతుంది. మూడు పెట్టండి: మంచి పద్ధతికి, మంచి ఫీల్డ్ నోట్‌బుక్‌కు, తెలుగులో మంచి రాతకు. తెలంగాణలో కళాశాల విద్యాశాఖ నిర్వహించే జిజ్ఞాస విద్యార్థి అధ్యయన ప్రాజెక్టుల పోటీకి పంపేటప్పుడు ఈ మూడింటినీ కలిపి చూసి ఎంచండి. సర్టిఫికెట్ మీద "పాల్గొన్నారు" అని కాకుండా "84 ఇళ్ల సర్వే, నీటి నమూనాల సేకరణ, విశ్లేషణ చేశారు" అని చేసిన పని రాయండి. ఉద్యోగానికో పీజీకో వెళ్లినప్పుడు ఉపయోగపడేది ఆ వాక్యమే. రిపోర్టుకు లైబ్రరీ నంబరు వేయించండి. ఈ డేటాతో తర్వాత మీరు వ్యాసం రాస్తే విద్యార్థుల పేర్లు రచయితల్లో ఉండాలి, కృతజ్ఞతల్లో కాదు.

చివరగా, కోడ్ నంబర్లతో ఉన్న డేటా షీటు, ప్రశ్నావళి, బోర్ల జాబితా డిపార్ట్‌మెంట్‌లో దాచండి. ఏ కోడ్ ఏ ఇంటిదో తెలిపే కాగితాన్ని వేరే బీరువాలో ఉంచి తాళం వేయండి. వచ్చే ఏడాది జట్టు అదే ఊళ్లో, అదే నెలలో, అవే బోర్ల నీళ్లు పట్టాలి. ఎండాకాలపు అంకెను వానాకాలపు అంకెతో పోల్చకూడదు కాబట్టి నెల పేరును షీటు మొదటి గడిలోనే రాయించండి.